జాకీ-4తో లక్షా తొమ్మిది వేల డాలర్ల కాల్: అసలు తప్పు ఎక్కడ మొదలైంది?

మూడుముక్కలాట (ప్రశ్న)

2022 సెప్టెంబరు 29న కాలిఫోర్నియాలోని హస్లర్ కాసినో నుంచి లైవ్‌లో వెళ్లిన పోకర్ ఆటలో గారెట్ అడెల్‌స్టీన్‌కీ, రాబీ జేడ్ లూకీ మధ్య పడిన హ్యాండ్ (ఒక దఫా ఆట) గురించి అడుగుతున్నా. చూడనివాళ్ల కోసం వివరాలు (ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, బోర్డు మీద ఇద్దరికీ ఉమ్మడిగా ఐదు; వాటిలో మెరుగైన ఐదే లెక్క. కాల్ అంటే ఎదుటి పందేనికి సరిపడా పెట్టడం, రెయిజ్ అంటే పెంచడం, ఫోల్డ్ అంటే పడెయ్యడం, ఆల్-ఇన్ అంటే ఉన్నదంతా తోసెయ్యడం, పాట్ అంటే మధ్యలో పోగైన డబ్బు):

గారెట్ చేతిలో: కళావరు 8, కళావరు 7
రాబీ చేతిలో: కళావరు జాకీ, ఆఠీను 4
ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి ముక్కలు): ఆఠీను 10, కళావరు 10, కళావరు 9. గారెట్ 2,500 డాలర్లు కాశాడు, రాబీ కాల్ చేసింది.
టర్న్ (నాలుగో ముక్క): ఆఠీను 3. గారెట్ 10,000 కాశాడు. రాబీ మినిమమ్ రెయిజ్ చేసి 20,000 చేసింది. గారెట్ ఆల్-ఇన్. రాబీ దగ్గర మిగిలిన 1,09,000 పెట్టాలి. పెట్టేసింది.

పాట్ 2,69,000. రివర్ (ఐదో ముక్క) రెండుసార్లు తీశారు, ఒక్కోదానికి సగం పాట్: డైమను 9, ఇస్పేటు ఆసు. రెండూ రాబీకే.

మోసం జరిగిందా లేదా అనే గొడవ ఇక్కడ వద్దు. కాసినో ఆట నడిపినవాళ్లు చేయించిన విచారణలో ఆధారం దొరకలేదని 2022 డిసెంబరులోనే ప్రకటించారు. దాని మీద ఇప్పటికే చాలినంత కొట్టుకున్నారు. నాకు పందెం లెక్క మాత్రమే కావాలి.

నా అయోమయం ఇదీ. ముక్కలు తెరిచి చూస్తే ఆ క్షణాన రాబీయే ముందుంది. ముందున్న మనిషి కాల్ చేస్తే అది చెత్త కాల్ ఎలా అవుతుంది? ఇంకో పక్క గారెట్ చేతిలో జత కూడా లేదు, అతను అంత డబ్బు తోసెయ్యడం మాత్రం ఎవరికీ తప్పుగా అనిపించలేదే?

లెక్కల బడి

రెండు వేరు వేరు ప్రశ్నలండీ అవి. కాల్ సంగతి ముందు చూద్దాం.

ముక్కలు తెరిచి చూసినప్పటి లెక్క: బోర్డు మీద 4, ఇద్దరి చేతుల్లో 4 పోతే కట్టలో 44 మిగులుతాయి. గారెట్‌ని గెలిపించేవి ఇవి. ఫ్లష్‌కి (ఒకే రంగు ముక్కలు ఐదు) కళావర్లు 8 (2, 3, 4, 5, 6, రాణి, రాజు, ఆసు). స్ట్రెయిట్‌కి (వరస ముక్కలు ఐదు) కళావరు కాని జాకీలు 3, కళావరు కాని 6లు 3. చేతిలోవాటికి జత కలవడానికి 8లు మూడు, 7లు మూడు. మొత్తం 20. అంటే గారెట్‌కి 20/44, 45.5%. మిగతా 24 ముక్కల్లో ఏది పడినా జాకీ పెద్దదనే ఒక్క కారణంతో రాబీ గెలుస్తుంది, 54.5%. (మిగతావాళ్లు పడేసిన ముక్కలు కూడా లెక్కలోకి తీసుకుంటే కాస్త అటూ ఇటూ అవుతుంది.)

ఇప్పుడు ధర. 1,09,000 పెట్టి 2,69,000 పాట్ కోసం ఆడుతోంది. 109ని 269తో భాగిస్తే 40.5%. ఆమెకి ఉన్నది 54.5%. అంటే సగటున 37 వేల పైచిలుకు లాభం వచ్చే కాల్! మీరు చెప్పింది ఇక్కడివరకు కరెక్టే.

కానీ ఆమెకి గారెట్ ముక్కలు కనబడవు. కనబడేది ఒక మనిషి, అతను కాసిన పందేల వరస, అంతే. ఆ వరసతో అతని దగ్గర ఏమేం ఉండొచ్చో అన్నీ పేర్చి, వాటన్నిటి మీదా జాకీ-4కి సగటున ఎంత వస్తుందో చూడాలి. రేంజ్ అంటే అదే. నేను రాబీ వైపు కాస్త మొగ్గే పేరుస్తున్నా, తర్వాత ఎవరూ అన్యాయం అనకుండా.

నిజమైన బలం ఉన్న చేతులు: ఒకే రంగు ఆసు-10, రాజు-10, రాణి-10, జాకీ-10, 10-9, 10-8. రెండు 10లు బోర్డు మీదే ఉన్నాయి కాబట్టి మిగిలినవి ఇస్పేటు 10, డైమను 10 మాత్రమే. అందుకే ఒక్కో రకానికి రెండే కాంబోలు (రెండు ముక్కల కలయికలు), ఆరు రకాలకి 12. 99 జత: ఒక 9 బోర్డు మీద ఉంది, మిగిలిన మూడింట్లో రెండు కలిపే పద్ధతులు 3. మొత్తం 15. వీటి మీద జాకీ-4కి వచ్చేది సున్నా. తక్కువ అని కాదు, అక్షరాలా సున్నా. జాకీ పడినా, 4 పడినా మూడు 10లని కొట్టలేదు.

ఆమె కంటే ముందున్న ఫ్లష్ డ్రాలు (ఇంకో ముక్క పడితే ఫ్లష్ అయ్యే చేతులు): కళావరు ఆసు-రాజు, ఆసు-రాణి, రాజు-రాణి, ఆసు-8, ఆసు-7, ఆసు-6, ఆసు-5, రాజు-8. ఇవి 8. వీటి మీద రాబీకి పనికొచ్చేవి కళావరు కాని జాకీలు 3, కళావరు కాని 4లు 2. 5/44, సుమారు 11%. రాజు-రాణి మీద జాకీ కూడా పనికిరాదు, ఎదుటివాడికి స్ట్రెయిట్ అయిపోతుంది. అక్కడ 4.5% మాత్రమే.

ఆమె నిజంగా కొట్టగలిగేవి: కళావర్లలో 8-7, 8-6, 7-6, 6-5. టర్న్‌లో ఆఠీను 3 వచ్చింది కాబట్టి ఆఠీన్లలోనూ అవే నాలుగు. మొత్తం 8. వీటి మీద ఆమెకి 54.5% నుంచి 68% దాకా, సగటున 61.6%.

31 కాంబోల మీదా సగటు తీస్తే 18.6%. కావలసింది 40.5%. 2,69,000లో 18.6% అంటే 50 వేలు. పెట్టేది లక్షా తొమ్మిది వేలు. ఇలాంటి కాల్ చేసిన ప్రతిసారీ సగటున 59 వేలు కిటికీలోంచి విసిరేసినట్టు.

ఇంకో వైపు నుంచి చూడండి. మిగతావి అలాగే ఉంచి, ఆమె కొట్టగలిగే చిన్న డ్రాలు 8 బదులు ఎన్ని ఉంటే లెక్క సరిపోతుంది? 40. ఈ బోర్డు మీద గారెట్ ఎంత పిచ్చిగా ఆడినా అన్ని దొరకవు.

ఇస్పేటు ఆసు

పైన రాసినదానికి తోడు ఇంకోటి. ఆమె చేతిలో కళావరు జాకీ ఉంది. బ్లఫ్ (బలం లేకుండా బెదిరించే పందెం) పట్టుకోవాలనుకున్నప్పుడు ఎదుటివాడి ఫ్లష్ డ్రాలో ఉండాల్సిన ముక్క మన చేతిలో ఉండకూడదు. అది ఉంటే అతని దగ్గర డ్రా ఉండే అవకాశమే తగ్గుతుంది. కాబట్టి ఈ కాల్ ఇంకా దరిద్రం.

కట్ట కలిపేవాడు

ఇస్పేటు ఆసు గారూ, సూత్రం సరైనదే, ఇక్కడికి మాత్రం అతకదు. కళావరు జాకీ వల్ల గారెట్ రేంజ్‌లోంచి ఎగిరిపోయే డ్రాలు ఏమిటో పేర్లు రాయండి: ఆసు-జాకీ, రాజు-జాకీ, రాణి-జాకీ, జాకీ-8. మొదటి మూడూ పెద్ద ముక్కతో ఆమెని కొడతాయి. జాకీ-8 అయితే కిక్కర్‌తో (జతలో లేని పక్క ముక్కతో) కొడుతుంది, 8 కంటే 4 చిన్నది కదా. అంటే అవి డ్రాలే అయినా ఆమె చేతికంటే ముందున్న డ్రాలు. అవి పోవడం ఆమెకి మేలే.

మీరు చెప్పే సూత్రం బ్లఫ్‌లన్నిటినీ కొట్టగలిగే చేతికి, ఉదాహరణకి 9 జత ఉన్నవాడికి వర్తిస్తుంది. జాకీ పెద్దగా పట్టుకుని కూర్చున్న చెయ్యి సగం బ్లఫ్‌లకి కూడా ఓడిపోతుంది. ఈ కాల్‌లో అసలు జబ్బు అదీ. ఎదుటివాడు బ్లఫ్ చేస్తున్నాడని నూటికి నూరు పాళ్లు ఊహించినా, ఆ బ్లఫ్ కళావరు ఆసు-5 అయితే మీరు వెనకే ఉన్నారు.

అయితే ఆ మేలు ఎంత? ఆ నాలుగు కాంబోలూ తిరిగి కలిపి చూస్తే 18.6 కాస్తా 17.5 దగ్గరికి వస్తుంది. జాకీ బ్లాకర్ (మన చేతిలో ఉండి ఎదుటివాడికి దక్కకుండా చేసే ముక్క) తెచ్చిపెట్టేది ఒక్క శాతం. ఇరవై రెండు శాతం లోటున్న చోట ఒక్క శాతం దేనికి? బ్లాకర్ అనేది త్రాసు దాదాపు సమానంగా ఉన్నప్పుడు వేసే గురిగింజ. ఆఠీను 4 వల్ల అదీ లేదు. పైగా ఆమె కొట్టగలిగే ఆఠీను 5-4ని అది తీసేస్తుంది.

ఆమె తన దగ్గర జాకీ-3 ఉందనుకున్నానని తర్వాత చెప్పింది. ఆ మాట నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, లెక్క మాత్రం ఆసక్తిగా ఉంటుంది. టర్న్‌లో 3 పడింది కాబట్టి జాకీ-3 అయితే ఆమెకి జత ఉన్నట్టు. అప్పుడు కళావరు ఆసు-రాజు మీద 11% కాస్తా 63.6% అవుతుంది. ముందున్న ఎనిమిది డ్రాలూ వెనక్కి వెళ్లిపోతాయి. మొత్తం 31 కాంబోల మీద సగటు 32% దాకా వస్తుంది. కావలసింది 40.5. అప్పటికీ కాల్ చెయ్యడం తప్పే, కానీ నష్టం 59 వేల నుంచి 23 వేలకి దిగుతుంది. మొండిగా, అనుమానంతో ఆడేవాళ్లు రోజూ చేసే సైజు తప్పు అది. ఒక్క చిన్న జతకి ఈ బోర్డు మీద అంత విలువుంది.

మూడుముక్కలాట

కాల్ సంగతి అర్థమైంది, థాంక్సండీ. నేను ఎదుటివాడి ముక్కలు చూసి తీర్పు చెబుతున్నాను. గారెట్ ఆల్-ఇన్ గురించి కూడా ఎవరైనా ఇలాగే విప్పి చెప్పండి. అంత పెద్ద పందెం అవసరమా? ఇంకో పది వేలు వేసి కాల్ చేస్తే పోయేదిగా?

రివర్ రాయుడు

ఈ హ్యాండ్‌లో నిజంగా వాదించుకోదగ్గ పందెం అదే. జాకీ-4 కాల్‌లో వాదించడానికి ఏమీ లేదు, అందుకే దాని గురించి అందరూ మాట్లాడతారు.

టర్న్‌కి ముందు పాట్ 11,000. గారెట్ 10, రాబీ 20 వేశాక 41,000. గారెట్ ముందు మూడు దారులు.

ఫోల్డ్ ఊసే వద్దు. ఎందుకంటే కాల్‌కి కావలసింది 10,000 మాత్రమే, అప్పుడు పాట్ 51,000. 10/51, అంటే 19.6% చాలు. ఎదురుగా ఆసు-10 ఉందనుకుందాం, ఇస్పేట్లలో. గారెట్‌కి కళావర్లు 9 ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ కళావరు 3, కళావరు ఆసు పడితే ఎదుటివాడికి ఫుల్ హౌస్ (ఒక రకం మూడు, ఇంకో రకం రెండు; ఫ్లష్ కంటే పెద్దది). అవి తీసేస్తే 7. కళావరు కాని జాకీలు 3, 6లు 3. మొత్తం 13. 13/44 అంటే 29.5%. చేతిలో జత కూడా లేని మనిషికి, ఎదుటివాడి దగ్గర మూడు 10లు ఉన్నా, కాల్ హాయిగా గిట్టుబాటు అవుతుంది. ఇంకేమీ రాకపోయినా సగటున 5 వేలు లాభం.

ఇక ఆల్-ఇన్. అతను కొత్తగా పెట్టేది 10 ప్లస్ 109, మొత్తం 1,19,000. ఎదుటివాళ్లు పడేస్తే వచ్చేది 41,000. దాదాపు మూడింతలు పెట్టి ఒక వంతు కోసం ఆడుతున్నాడు. కాల్ వచ్చినప్పుడు 29.5% ఉంటే: 2,69,000లో 29.5% అంటే 79.4 వేలు, పెట్టింది 119, నష్టం 39.6 వేలు. ఫోల్డ్ వచ్చినప్పుడు లాభం 41. ఈ రెండూ సరిపోవాలంటే రాబీ నూటికి 49 సార్లు పడెయ్యాలి. అది కేవలం నష్టపోకుండా ఉండటానికి. మామూలు కాల్‌తో వచ్చే 5 వేల కంటే మెరుగ్గా ఉండాలంటే 55 సార్లు.

కానీ కాల్ చేసేవాళ్ల దగ్గర ఆసు-10 మాత్రమే ఉండదుగా. 99 ఉండొచ్చు, 10-9 ఉండొచ్చు. అవి అప్పటికే ఫుల్ హౌస్‌లు. వాటి మీద గారెట్‌కి ఫ్లష్ వచ్చినా దండగే, స్ట్రెయిట్ వచ్చినా దండగే. రెండే ముక్కలు మిగులుతాయి: కళావరు 6, కళావరు జాకీ, స్ట్రెయిట్ ఫ్లష్ అయ్యేవి. (అందులో ఒకటి రాబీ చేతిలోనే ఉందనేది వేరే కామెడీ.) 10 ఉన్న ఒకే రంగు చేతుల్లో పెద్ద నాలుగు రకాలు 8 కాంబోలు, 10-9 రెండు, 99 మూడు వేసి సగటు తీస్తే గారెట్‌కి 19% వస్తుంది. జాకీ-10 మీద మామూలు జాకీలు కూడా చచ్చిపోతాయి, అదీ కలిపాను. అప్పుడు ఆల్-ఇన్ నిలబడాలంటే 62% ఫోల్డ్‌లు కావాలి.

అంటే ప్రశ్న ఇలా మారుతుంది: ఈ బోర్డు మీద పది వేల మీద పది వేలు మాత్రమే రెయిజ్ చేసిన మనిషి నూటికి 55 నుంచి 62 సార్లు పడేస్తుందా?

నా లెక్కలో పడేస్తుంది. కారణం ఆ రెయిజ్ సైజు. నిజంగా 10 ఉన్నవాళ్లు, బోర్డు మీద రెండు ఫ్లష్ డ్రాలూ స్ట్రెయిట్ డ్రాలూ కనిపిస్తుంటే, డ్రాలకి ఇంత చవగ్గా టికెట్ ఇవ్వరు. ఒక వంతు కడితే నాలుగింతలు దక్కే ధరకి ఎవరు పడేస్తారు? 10 ఉన్నవాడు 35 వేలో 40 వేలో చేస్తాడు. ఈ సైజు సాధారణంగా బలహీనమైన చేతిది, 'నీ దగ్గర ఉందా లేదా' అని అడిగే పందెం. అలాంటిదాన్ని పూర్తి బలంతో నెట్టడం పద్ధతైన ఆటే. గారెట్ చదివింది సరిగ్గానే చదివాడు: ఆమె చేతిలో నిజంగానే ఏమీ లేదు!

ఇస్పేటు ఆసు

రాయుడు గారూ, ఒక్క అభ్యంతరం. అనుభవం ఉన్న ఆటగాడి మినిమమ్ రెయిజ్‌ని అలా చదవొచ్చు. పెద్ద టేబుల్‌కి కొత్తగా వచ్చినవాళ్ల మినిమమ్ రెయిజ్ అలా కాదు. చేతిలో మూడు 10లు పడ్డాయంటే ఎదుటివాడు పారిపోతాడేమో అని భయపడి చిన్నగా పెంచేవాళ్లు కోకొల్లలు. వాళ్లు పడెయ్యరు. మీ 62% అక్కడ కూలిపోతుంది.

ఇంకోటి, మామూలు కాల్‌కి మీరు కేవలం 5 వేలే వేశారు. రివర్‌లో ఫ్లష్ పడ్డాక మూడు 10లు ఉన్నవాళ్లు ఎంతో కొంత ఇస్తారు. సగటున ఇంకో 30 వేలు వస్తాయనుకుంటే 29.5% చొప్పున దాదాపు 9 వేలు కలుస్తాయి. అప్పుడు కాల్ విలువ 14 వేలు, దాన్ని దాటాలంటే ఆల్-ఇన్‌కి 66% ఫోల్డ్‌లు కావాలి. మనిషెవరో సరిగ్గా తెలియనప్పుడు 10 వేలు కట్టి రివర్ చూడటం నయం.

రివర్ రాయుడు

66 అంకె ఒప్పుకుంటా, 30 వేలు ఒప్పుకోను. మూడో కళావరు పడితే 10-10-9 బోర్డు మీద వాళ్లూ భయపడతారు. పైగా ఫుల్ హౌస్‌కి ఎదురెళ్లి మనమే ఫ్లష్‌తో కట్టే రోజులు తీసెయ్యాలి. అయినా మీ మాటలో బలం ఉంది. మనిషిని బట్టి ఆల్-ఇన్, కాల్ రెండూ నిలబడతాయి. తప్పు అనడానికి మాత్రం లేదు.

ఇంకో సంగతి గమనించండి. కాల్ వచ్చింది జాకీ-4తో. దానిమీద గారెట్‌కి 45.5% ఉంది. 2,69,000లో అది 1,22,300. పెట్టింది 1,19,000. అంటే ఆ కాల్ వల్ల కూడా గారెట్‌కి సగటున 3 వేలు లాభమే. అయితే ఆమె పడేస్తే వచ్చేది 41. అతను పోగొట్టుకున్నది ఆ తేడా. ఫలితం చూసి "గారెట్ కాల్చుకున్నాడు" అనేవాళ్లు ఈ లైను చదవాలి.

కట్ట కలిపేవాడు

మీరిద్దరూ ఆల్-ఇన్ మీద పడి ఆ మినిమమ్ రెయిజ్‌ని వదిలేస్తున్నారు. రెండు తప్పులకీ తల్లి అదే.

జాకీ-4తో ఆ రెయిజ్ ఏం సాధించాలి? బ్లఫ్ అయితే: 20 పెట్టి 21 కోసం, నూటికి 49 సార్లు గారెట్ పడెయ్యాలి. కానీ అతనికి 10 కడితే 51 పాట్ అనే ధర ఇచ్చి, పడెయ్యమంటే ఎవరు పడేస్తారు? ఆ ధరకి ప్రతి డ్రా, ప్రతి జత, ఆసు పెద్దగా ఉన్న ప్రతి చెయ్యి నిలబడుతుంది. బ్లఫ్ చెయ్యాలనే ఉంటే 35 వేలు చెయ్యాలి. అప్పుడు 62.5% ఫోల్డ్‌లు కావాలి, కానీ ఆ ఒత్తిడికి నిజంగా పడేస్తారు. చేతిలో ఉన్నది చూపించి గెలుద్దామనుకుంటే ఊరికే కాల్ చెయ్యొచ్చు, 10/31, దానికి 32% కావాలి. అదీ జాకీ-4కి లేదు. టర్న్‌లో పడెయ్యడమే దారి. నిజానికి ఫ్లాప్‌లోనే.

పైగా మినిమమ్ రెయిజ్ చేశాక వెనక 1,09,000 మిగిలింది, పాట్ 41. ఈ నిష్పత్తిలో మళ్లీ పెంచే దారి గారెట్‌కి బార్లా తెరిచి పెట్టినట్టు. రెయిజ్ చేసేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎదుటివాడు ఆల్-ఇన్ అంటే నేనేం చేస్తాను? జాకీ-4కి జవాబు 'పడేస్తాను' అయితే ఆ 20 వేలు బ్లఫ్ ఖర్చు, సరే. జవాబు 'చూద్దాం' అయితే రెయిజ్ చెయ్యకూడదు.

ఇక్కడ ఇంకో చిన్న లెక్క పనికొస్తుంది. గారెట్ 119 పెట్టి 41 కోసం ఆడుతున్నాడు. అతను గెలిచే ఆశే లేని ముక్కలతో కూడా లాభపడకుండా ఆపాలంటే రాబీ తన రెయిజ్ రేంజ్‌లో 41/160, అంటే సుమారు 26% చేతులతో నిలబడితే చాలు. నాలుగింట ఒక వంతు. ఆ వంతు నింపడానికి 10లు, 99 చాలు, మహా అయితే ఆ తర్వాత 9-9కి దగ్గరగా ఉన్న జతలు. జాకీ పెద్ద అనేది ఆమె రేంజ్‌లో అట్టడుగు మెట్టు. మెట్లెక్కుతూ అక్కడిదాకా రావాల్సిన పనే లేదు. 'బ్లఫ్ చేస్తున్నాడేమో అనిపించింది' అనే మాటకి ఇదే జవాబు: అనిపించొచ్చు, కానీ ఆ అనుమానం తీర్చడానికి వాడాల్సిన చెయ్యి ఇది కాదు.

లెక్కల బడి

రివర్ రెండుసార్లు తియ్యడం గురించి కూడా ఒకమాట, దాన్ని చూసి "రెండుసార్లూ గెలిచింది, అసాధ్యం" అని రాసేవాళ్లు కనబడుతుంటారు కాబట్టి. మొదటి ముక్క ఆమెవైపు పడే అవకాశం 24/44, రెండోది 23/43. గుణిస్తే 29.2%. గారెట్‌కి రెండూ పడేది 20.1%. చెరి సగం పంచుకునేది 50.7%. మూడింట ఒకటికి దగ్గరగా జరిగే సంగతిలో వింతేముంది? సగటు లాభనష్టాలు రెండుసార్లు తీసినా, ఒక్కసారి తీసినా మారవు. ఊగిసలాట మాత్రం తగ్గుతుంది. పడిన ముక్కలు కూడా చూడండి. డైమను 9 పడితే బోర్డు మీదే 10-10-9-9, కిక్కర్ జాకీకి 8 ఓడింది. ఇస్పేటు ఆసు పడితే 10ల జత, ఆసు, ఆ తర్వాత జాకీ. రెండుసార్లూ ఆమె చేతిలో జత కలవలేదు.

ఈ లెక్కలన్నీ కాయితం మీద వేసుకునేవే. దీన్ని చదివి ఎవరూ ఫోన్‌లో డబ్బు యాప్‌లు వెతకొద్దు. తెలంగాణలో 2017 నుంచీ, ఆంధ్రలో 2020 నుంచీ ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆట నిషేధం, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది.

మూడుముక్కలాట

కాయితం మీదే వేసుకున్నా. లెక్కల బడి గారి రేంజ్‌లో వేర్వేరు రంగుల ఆసు-10 లేదు కదా, అది గారెట్ ఎలాగూ ఆడతాడు అనిపించి కలిపాను. ఆసులు 4, 10లు 2, మొత్తం 8 కాంబోలు. రేంజ్ 39 అయింది. రాబీ సగటు 14.8%కి పడిపోయింది. సరేనా?

లెక్కల బడి

దారి సరైనదే, ఒక్కచోట రెండుసార్లు లెక్కపెట్టారు. 4 గుణించు 2 అంటే 8, నిజమే. కానీ అందులో ఇస్పేటు ఆసు-ఇస్పేటు 10, డైమను ఆసు-డైమను 10 కూడా ఉన్నాయి. ఆ రెండూ ఒకే రంగు కింద పైన 15లో ముందే వేసేశాం. కొత్తగా కలవాల్సినవి 6. రేంజ్ 37, సగటు 15.6%, కాల్ చేస్తే నష్టం 67 వేలు. రాజు-10 కూడా కలపాలనిపిస్తే మళ్లీ 6 వెయ్యండి, 8 కాదు. జాకీ-10కి మాత్రం 6 కూడా రావు. కళావరు జాకీ రాబీ చేతిలో ఉంది కాబట్టి 4 మాత్రమే.